జీతం ఆగిన రోజుల్లో స్తోత్రం చెప్పడం ఎలా వచ్చిందంటే

ఉద్యోగం పోయి ఈఎంఐ తేదీ దగ్గరపడుతుంటే, మోకాళ్ల మీద ఉన్నా, దేవుడికి కృతజ్ఞతగా చెప్పే స్తోత్రం అనే మాట నోటికి రాదు. అన్నిటికీ స్తోత్రం చెప్పమని చర్చి సంఘంలో అందరూ ప్రేమగానే అంటారు గానీ ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే నాకు పనికొచ్చింది రాస్తున్నాను.

ముందు నా బాధంతా దేవుడికి చెప్పేసుకున్నాను. బైబిల్లో 13వ కీర్తన తెరవండి, దావీదు ఎంతవరకు, ఎంతవరకు అని పదేపదే అడిగాకే చివర్లో పాట పాడతాడు. హబక్కూకు ప్రవక్త గ్రంథం 3:17లోనూ అంతే, అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా అని లేనివన్నీ పేరుపేరునా చెప్పి, తర్వాతి వచనంలో దేవునియందు ఆనందిస్తానంటాడు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పక్కర్లేదని నాకు అక్కడే ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత రాత్రి ప్రార్థనకు ముందు పాత డైరీలో ఆ రోజు అందిన మేలు ఒక్కటి రాయడం మొదలుపెట్టాను. ఆరోగ్యం ఇచ్చావు లాంటి పెద్ద మాటలు కాదు. "పక్కింటి అక్క గిన్నెడు పప్పుచారు పంపింది, ఇంకా వేడిగానే ఉంది." "బాబు దగ్గు తగ్గి నిద్రపోయాడు." అది చదివే స్తోత్రం చెప్పేవాళ్లం.

ఉద్యోగం వెంటనే రాలేదు, కానీ నిద్ర పట్టింది, సాయం అడగడానికి ఫోన్ చేసే ధైర్యం వచ్చింది. మనసు మరీ కుంగిపోతే మాత్రం డాక్టర్‌ని కూడా కలవండి, దయచేసి దాన్ని అవిశ్వాసం అనుకోవద్దు.