తొలి కాన్పుకు సన్నాహం – నాలుగో పాఠం: గుడ్డలు, సంచి, కాగితాలు

గత పాఠంలో ప్రసవ తేదీని లెక్కకట్టడం, కాన్పు ఏ ఊళ్లో ఏ ఆసుపత్రిలో చేయించుకోవాలో నిర్ణయించుకోవడం నేర్చుకున్నాము. ఆ తేదీని, ఆ ఊరిని ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకొని ఈ పాఠం మొదలుపెట్టండి. బిడ్డకు ఏవి ఎన్ని కావాలన్నది బిడ్డ పుట్టే నెలను బట్టి, ఉండబోయే ఇంటిని బట్టి, ఆసుపత్రికి ఉన్న దూరాన్ని బట్టి తేలుతుంది గనుక, ఒంగోలులో మే నెలలో పుట్టే బిడ్డకు రాసిన పట్టిక నెల్లూరులో నవంబరులో పుట్టే బిడ్డకు పనికిరాదు. 37 వారాలు నిండిన తరువాత కాన్పు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి 34వ వారంలో పని మొదలుపెట్టి 36వ వారానికి ముగించాలి.

బిడ్డ పుట్టకముందే కొత్తవి కొనకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఈ పాఠానికి ఆ మాటతో పేచీ లేదు. మొదటి నెలలో బిడ్డ ఒంటికి తగిలే గుడ్డలలో ఎక్కువ భాగం ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరల నుంచి, పంచెల నుంచి రావడమే మంచిది. కొత్త గుడ్డకు గంజి, రంగు, బిరుసుతనం ఉంటాయి. కాబట్టి పెద్దవాళ్ల మనసు నొప్పించకుండానే పని పూర్తవుతుంది. కొనవలసిన కొద్దిపాటి వస్తువులను కాన్పు తరువాత ట్రంకు రోడ్డు దుకాణాలకు వెళ్లి ఎవరైనా తేగలరు.

గుడ్డల లెక్క

అప్పుడే పుట్టిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజులు గుడ్డలు తక్కువే పడతాయి. పాలు బాగా పడిన తరువాత, అంటే అయిదో రోజు నుంచి, రోజుకు కనీసం ఆరు సార్లయినా మూత్రం పోయాలి. తల్లిపాలు తాగే పిల్లలు పాలు తాగిన ప్రతిసారీ విరేచనం చేసుకోవడం కూడా మామూలే. పక్కగుడ్డలు తడవడాన్ని కూడా కలుపుకొని రోజుకు 15 గోచీ గుడ్డలు అనుకుంటే లెక్క సరిపోతుంది. ఇప్పుడు ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి: రోజుకు పట్టే గుడ్డలను, అవి ఆరడానికి పట్టే రోజులకు ఒకటి కలిపి, ఆ మొత్తంతో హెచ్చించాలి. ఆ అదనపు ఒకటి ఈ రోజు వాడుకకు.

రోహిణి కార్తెలో పొద్దున ఉతికిన నూలు గుడ్డ మధ్యాహ్నం లోపలే ఆరిపోతుంది. అయినా ఒక రోజు అని లెక్కవేసుకుంటే 15ను 2తో హెచ్చించి 30 గుడ్డలు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన తీరాన్ని తడుపుతాయి. నెల్లూరు, కావలి ప్రాంతాల్లో ముసురు పట్టినప్పుడు దండెం మీది గుడ్డ రెండు రోజులకు గాని ఆరదు. అప్పుడు 15ను 3తో హెచ్చించి 45 సిద్ధం చేసుకోవాలి. ఇంటి లోపల పంకా కింద ఒక తాడు కట్టుకొని, చివరి చెమ్మను ఇస్త్రీ పెట్టెతో తీసేస్తే ఆ సంఖ్యతో నెట్టుకురావచ్చు. వానాకాలంలో రాత్రిపూట, ప్రయాణంలో దుకాణపు డైపర్లు వాడడం తప్పేమీ కాదు. మూడు నాలుగు గంటలకొకసారి, విరేచనమైతే వెంటనే మార్చితే చాలు. ఇరవైనాలుగు గంటలూ డైపరు వద్దనడానికి కారణం ఒరుపు, ఖర్చు మాత్రమే.

ఇక కత్తిరింపు. మామూలు చీర అయిదున్నర మీటర్ల పొడవు, 110 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానిని 55 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే పొడవులో పది, వెడల్పులో రెండు చొప్పున 20 ముక్కలు వస్తాయి. వేసవి కాన్పుకు రెండు చీరలు కత్తిరిస్తే మిగులు కూడా ఉంటుంది. వానాకాలపు కాన్పుకు మూడు కావాలి. జరీ అంచును, గట్టి పేటును ముందుగా తీసివేసి, మిగిలిన బట్టకు అంచులు కుట్టకుండానే వాడండి. కుట్టు లావుగా ఉంటే బిడ్డ తొడకు ఒరుసుకుంటుంది. సిల్కు, పాలియెస్టరు కలిసిన చీరలు ఎంత మెత్తగా ఉన్నా నూలు అంతగా తడిని పీల్చవు కాబట్టి వాటిని పక్కన పెట్టండి.

పాత చీరలను బీరువాలో నుంచి తీసినప్పుడు ఒక విషయంలో మాత్రం ఏమరకూడదు. చాలా ఇళ్లలో చీరల మధ్య కలరా ఉండలు వేసి ఉంచుతారు. వాటిలో ఉండే నాఫ్తలీన్ బట్టకు పట్టి, ఆవిరిగా బిడ్డ ఊపిరిలోకి, చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకు దానివల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి పచ్చకామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉన్న సంగతి పుట్టిన నాటికి సాధారణంగా ఎవరికీ తెలియదు. అందువల్ల ఆ చీరలను వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులపాటు ఎండలో, గాలిలో ఆరవేయాలి. వాసన పోకపోతే ఆ చీరను వదిలేయండి. సిద్ధమైన గుడ్డలను మళ్లీ అదే బీరువాలో పెట్టకుండా విడిగా ఒక శుభ్రమైన డబ్బాలో పెట్టుకోండి.

గోచీ కట్టడం

చదరపు గుడ్డను మూల నుంచి మూలకు మడిచి త్రికోణం చేయండి. పొడవాటి అంచు పైకి, మొన కిందికి ఉండేలా పరచి, బిడ్డ నడుము ఆ పొడవాటి అంచు మీదికి వచ్చేలా పడుకోబెట్టండి. మొనను కాళ్ల మధ్య నుంచి పొట్ట కిందిభాగం మీదికి తెచ్చి, రెండు పక్కల కొసలను దాని మీదుగా తెచ్చి, ఒక పక్కగా వదులు ముడి వేయండి. పిన్నీసు వద్దు. గుడ్డ పై అంచు బొడ్డు కిందనే ఉండాలి. బొడ్డుతాడు ముక్కకు గాలి తగులుతూ, మూత్రం తగలకుండా ఉంటే అది దానంతట అదే ఎండి, సాధారణంగా అయిదు నుంచి పదిహేను రోజుల మధ్య రాలిపోతుంది. దానికి పసుపు, బూడిద, ఆముదం ఏదీ రాయకూడదు. ఇప్పటినుంచే ఇంట్లో ఉన్న బొమ్మతోనో, మడిచిన తువ్వాలుతోనో ఈ ముడిని రోజూ సాధన చేయండి, ముఖ్యంగా తండ్రులు.

పొత్తిగుడ్డలు మీటరు చదరం ఉండేవి నాలుగు చాలు. చుట్టేటప్పుడు కాళ్లను చాపి బిగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. తుంటి కీలు సరిగా కుదురుకోవాలంటే మోకాళ్లు మడిచి అటూ ఇటూ కదిలించుకునేంత వదులు ఉండాలి. ఎన్ని పొరలు వేయాలన్నదానికి, మీరు ఆ గదిలో ఎన్ని పొరలతో సుఖంగా ఉన్నారో దానికి ఒకటి కలపండి. నెల్లూరు ఎండాకాలంలో పంకా కింద ఒక్క పలుచని జుబ్బా, గోచీ చాలు. ఏసీ వేసిన ఆసుపత్రి గదిలో టోపీ, మేజోళ్లు, పొత్తిగుడ్డ కావాలి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా తగిలితే బిడ్డకు చలి వేస్తున్నట్టు. మెడ వెనుక చెమట పట్టితే ఒక పొర తీసేయాలి.

జుబ్బాలు ముందు తెరుచుకొని నాడాలతో కట్టేవి ఆరు, టోపీలు రెండు, పరుపు మీద పరిచే రబ్బరు షీటు ఒకటి, దోమతెర ఒకటి, డిజిటల్ థర్మామీటరు ఒకటి. బిడ్డ ఒంటి వేడి 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి, 100.4 గాని అంతకు మించి గాని ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొననక్కరలేనివి

పాలసీసా, పాలడబ్బా ముందుగా కొని పెట్టుకోవద్దు. ఇవి ఇంట్లో సిద్ధంగా ఉంటే, మొదటి రెండు రోజులు ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి గనుక, ‘పాలు చాలడం లేదు’ అని ఎవరో ఒకరు సీసా అందిస్తారు; బిడ్డ చప్పరించకపోతే తల్లికి పాలు నిజంగానే తగ్గుతాయి. పాలడబ్బాలకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. ఏదైనా కారణంచేత పిండిన తల్లిపాలు పట్టవలసివస్తే ఇంట్లో ఉన్న ఉగ్గుగిన్నెను మరిగించి వాడితే సరిపోతుంది. ఉదయగిరి చెక్క చెంచాలు చూడముచ్చటగా ఉంటాయి గాని పసిబిడ్డ పాలకు పనికిరావు. చెక్క తడిని పీల్చుకుంటుంది.

తేనె ఏడాది నిండేవరకు నాకించకూడదు. గ్రైపు వాటరు, కాటుక, పౌడరు, ఆవాల దిండు కూడా జాబితాలోంచి కొట్టివేయండి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టే అమ్మమ్మలకు నచ్చచెప్పడం కష్టమే. అయినా పసిబిడ్డ దిండు లేకుండా, చదునైన గట్టి పక్క మీద, వెల్లకిలా పడుకోవాలి. సాంబ్రాణి పొగ విషయం స్నానాల పాఠంలో వస్తుంది.

కనిగిరి, పొదిలి ప్రాంతాలవారికి ఒక మాట. అక్కడి భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. మరిగిస్తే అది పోదు, నీరు ఇగిరే కొద్దీ మరింత చిక్కబడుతుంది. తల్లిపాలలోకి ఫ్లోరైడు చాలా స్వల్పంగా మాత్రమే వెళుతుంది. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా పట్టకూడదనడానికి ఈ ప్రాంతంలో ఇది మరో కారణం.

సంచి

రెండు సంచులు సర్ది తలుపు దగ్గర పెట్టండి. తల్లి సంచిలో ముందు తెరుచుకునే నైటీలు మూడు, ఇంటికి వచ్చేటప్పుడు కట్టుకునే చీర, లోదుస్తులు, పెద్ద ప్యాడ్లు, తువ్వాలు, చెప్పులు, ఫ్లాస్కు, గ్లాసు ఉండాలి. బిడ్డ సంచిలో 15 గోచీ గుడ్డలు, జుబ్బాలు మూడు, టోపీ, మేజోళ్లు, పొత్తిగుడ్డలు రెండు, పుట్టగానే తుడవడానికి మెత్తటి తువ్వాళ్లు రెండు విడిగా పైన. తోడు ఉండేవారి దుప్పటి, ఫోను చార్జరు, చిల్లర నోట్లు మరవవద్దు.

సంచిలో పట్టనిది రక్తం. తల్లి రక్తపు గ్రూపు తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఉంటుంది; ఆ గ్రూపుకు సరిపోయి, పిలిస్తే రాగల ఇద్దరి ఫోను నంబర్లు రాసిపెట్టుకోండి. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ గ్రూపు అయితే కాన్పైన 72 గంటల లోపల తల్లికి యాంటీ-డి ఇంజెక్షను పడాలి; ఆ సంగతి ఆసుపత్రిలో చేరేటప్పుడే గుర్తుచేయండి.

దారి కూడా సన్నాహంలో భాగమే. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారి, పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు కాన్పులకు ఏరు దాటవలసినవారు, తుపాను హెచ్చరిక రాగానే, నొప్పుల కోసం ఎదురుచూడకుండా, ఆసుపత్రి ఉన్న ఒడ్డున బంధువుల ఇంటికి చేరుకోవాలి. 108 నంబరు ఫోనులో ఉంటే చాలదు. మీ సందును గుర్తుపట్టేలా గుడి పేరో బడి పేరో ఇంట్లో అందరూ ఒకే విధంగా చెప్పగలగాలి.

కాగితాలు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మనకు వాడుక. అత్తగారింటి ఊళ్లో నమోదైన గర్భిణి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో మరో ఊరికి వెళుతుంది. కాగితాలు తికమకపడేది ఇక్కడే. తల్లీబిడ్డల రక్షణ కార్డును తప్పనిసరిగా వెంట తీసుకువెళ్లి, పుట్టింటి ఊరి ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు చూపించండి. ఆ కార్డు, స్కానింగు, రక్తపరీక్షల కాగితాలు, భార్యాభర్తల ఆధార్, రేషన్ కార్డు, తల్లి పేరున ఉన్న బ్యాంకు పుస్తకం ఒకే కవరులో ఉండాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు వచ్చే 5,000 రూపాయలలో 3,000 గర్భం నమోదై, ఒక పరీక్ష అయిన తరువాత, మిగిలిన 2,000 బిడ్డ జననం నమోదై, 14 వారాల టీకాలు పూర్తయిన తరువాత ఆధార్‌తో కలిసిన ఖాతాలో పడతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, భోజనం ఉచితమన్నది 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇచ్చిన హక్కు.

జనన నమోదు బిడ్డ పుట్టిన చోటనే జరుగుతుంది. తల్లిదండ్రులు ఎక్కడ కాపురమున్నా సరే. 21 రోజుల లోపల రుసుము లేదు. మన ఇళ్లలో చాలామంది 21వ రోజున బారసాల చేస్తారు; పేరు పెట్టాకే నమోదు చేయిద్దామని ఆగితే గడువు అక్కడికే అయిపోతుంది. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఏడాది లోపల పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆసుపత్రివారు ఫారం నింపేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరడానికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే.

సాధన

ఈ లెక్కను పుస్తకం మూసి చేయండి. కాపురం కనిగిరిలో, పుట్టిల్లు కోవూరులో, ఆసుపత్రి నెల్లూరులో. బిడ్డ నవంబరు 20న పుట్టాడు. రోజుకు 18 గుడ్డలు పడుతున్నాయి, అవి ఆరడానికి రెండు రోజులు పడుతున్నది. ఎన్ని గుడ్డలు, ఎన్ని చీరలు కావాలి? జననం ఏ ఊళ్లో, ఏ తేదీలోగా నమోదు కావాలి?

జవాబు: 54 గుడ్డలు, మూడు చీరలు; నెల్లూరులో, డిసెంబరు 11లోగా.