పాత టీవీకి స్ట్రీమింగ్ స్టిక్ కొనేముందు

స్ట్రీమింగ్ స్టిక్ అంటే టీవీకి గుచ్చితే ఇంటర్నెట్ వీడియోలు చూపే చిన్న పరికరం. ముందు టీవీ వెనక్కి టార్చ్ వేసి చూడండి.

- హెచ్‌డీఎంఐ పోర్ట్ (స్టిక్ గుచ్చే చదునైన సాకెట్) ఉందా? పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలే ఉంటే విడిగా కన్వర్టర్ కావాలి. అది పెట్టినా బొమ్మ మసకే, సబ్‌టైటిల్స్ చదవడం కష్టం. అలాంటి టీవీకి నేనైతే కొనను.
- పోర్ట్ ఉంటే, గోడకీ దానికీ మధ్య స్టిక్ పట్టే చోటుందా? లేకపోతే చిన్న ఎక్స్‌టెండర్ కేబుల్ వాడాలి.
- కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకోకండి. పాత పోర్టులు సాధారణంగా 0.5 ఆంపియర్లే ఇస్తాయి. అది చాలక స్టిక్ మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. స్టిక్‌తో పాటు వచ్చిన అడాప్టర్నే వాడండి.
- 720పీ (తక్కువ స్పష్టత) టీవీకి 4కే (చాలా ఎక్కువ స్పష్టత) స్టిక్ మోడల్ దండగ.
- టీవీ దగ్గర వైఫై స్పీడ్ ఫోన్‌లో చూడండి. హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి.
- మీరు చూసే యాప్‌లు ఆ స్టిక్‌లో ఉన్నాయా?