చైనా దర్బారు మాటలు నేర్చుకోవాలంటే ‘ఛెన్’ దగ్గర మొదలుపెట్టండి

హాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో, మూలికల వైద్యం క్లాసులో మాస్టారు ఒక కషాయం పేరు బోర్డు మీద రాసి, “ఇందులో ఛెన్ ఏది?” అని అడిగారు. నాకు తెలిసిన ఛెన్ ఇంటిపేరు ఒక్కటే. మందులోకి ఇంటిపేరు ఎందుకొచ్చిందో తెలియక అలాగే నిలబడిపోయాను. ఆయన అడిగింది మంత్రి గురించి. చైనా వైద్యంలో మందుకి కూడా ఒక కొలువు ఉంటుంది: జ్యున్ రాజు, ఛెన్ మంత్రి, జువో సహాయకుడు, షీ రాయబారి. చెమట పట్టకుండా చలితో ఒళ్ళు వణికే జలుబుకి ఇచ్చే మాహువాంగ్ కషాయం తీసుకోండి. మాహువాంగ్ అనే మూలిక కాడలు రాజు, దాల్చిన రెమ్మలు మంత్రి, ఆప్రికాట్ గింజల పప్పు సహాయకుడు, అతిమధురం రాయబారి. ఆ సాయంత్రమే దర్బారు మాటలకని ఒక నోట్‌బుక్ కొనుక్కున్నాను. చైనా సీరియళ్ళు చూస్తూ కొలువు సీన్ రాగానే చేతులెత్తేసే మనవాళ్ళకి, ఆ నోట్‌బుక్ ఎలా నింపుకోవాలో చెప్తాను.

ముందు అక్షరం. ఛెన్‌కి ఆరు గీతలు. ‘పెద్దది’ అని అర్థమిచ్చే జ్యూ అక్షరం చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ దానికి నాలుగే. లెక్కపెట్టి రాస్తే కలగాపులగం కాదు. మూడు వేల ఏళ్ళ కిందట ఎముకల మీద, తాబేలు పెంకుల మీద చెక్కిన ఛెన్ చూస్తే, నిలువుగా నిలబెట్టిన కన్ను. తల వంచిన మనిషి కన్ను పక్కనుంచి అలా కనబడుతుందని పండితులు చెప్తారు. మొదట్లో దీని అర్థం బానిస. రాజు కొలువులో ఉద్యోగి అన్నది తర్వాత వచ్చింది. మీ నోట్‌బుక్‌లో ఆ కన్ను బొమ్మ గీసి, పక్కనే ఆరు గీతలూ వేయండి. ఇక మర్చిపోరు. అదే అక్షరం మీద ఇంటికప్పు పెడితే హ్వాన్. హ్వాన్‌గ్వాన్ అంటే అంతఃపురంలో పనిచేసే నపుంసక ఉద్యోగి.

తర్వాత పేజీని ఎవరి నోట ఏ మాట వస్తుందో దాన్నిబట్టి విడగొట్టండి. అర్థాల పట్టీ బట్టీ పట్టి నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. రాజు తనని తాను జెన్ అంటాడు. ఒకప్పుడు అది ఎవరైనా వాడే ‘నేను’. క్రీ.పూ. 221లో చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ దాన్ని చక్రవర్తికి మాత్రమే అని కట్టడి చేశాడు. ఎదురుగా ఉన్న మంత్రిని రాజు ఐచింగ్, అంటే ప్రియమైన మంత్రీ, అని పిలుస్తాడు.

మంత్రి నోట ఛెన్ వచ్చిందంటే దాని అర్థం ‘నేను’. మనవాళ్ళు తడబడేది ఇక్కడే. 227లో షూ రాజ్యపు మంత్రి జుగే లియాంగ్ తన చక్రవర్తికి పంపిన విన్నపం “ఛెన్ లియాంగ్ యెన్” అని మొదలవుతుంది. దాసుడు లియాంగ్ విన్నవిస్తున్నాడు అని. జుగే అనే ఇంటిపేరు అందులో రాదు, రాజు ముందు ఒట్టి పేరే. రాజుని పిలిచే మాట బీషియా. బీ అంటే సింహాసనం ముందు మెట్లు, షియా అంటే కింద. రాజుతో నేరుగా మాట్లాడకుండా, మెట్ల కింద నిలబడ్డ సేవకులకి చెప్పుకుంటున్నట్టు. ‘పాదసన్నిధికి విన్నవించుకోవడం’ తెలిసిన తెలుగువాళ్ళకి దీన్ని వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

మంచూ జాతివాళ్ళు ఏలిన చింగ్ వంశం కాలపు కథల్లో ఇంకో మాట వినబడుతుంది, నూత్సాయ్. ఇంటి బానిస అని అర్థం. ఛెన్ కంటే హీనంగా ఉందే, తక్కువ స్థాయివాళ్ళు వాడతారేమో అనుకుంటాం. కానీ రాజుకి రాసే విన్నపాల్లో తమని నూత్సాయ్ అనుకున్నది మంచూ అధికారులు, అంటే రాజు సొంత మనుషులు. చైనాలో ఎక్కువమందైన హాన్ జాతి అధికారులు ఛెన్ అని రాసుకునేవాళ్ళు. హీనమైన మాటే అక్కడ దగ్గరితనానికి గుర్తు. ఇప్పుడు మాత్రం ఎవరినైనా నూత్సాయ్ అంటే తిట్టినట్టే, పొరపాటున కూడా వాడొద్దు.

గ్వాన్, లి రెండింటికీ డిక్షనరీలో అధికారి అనే ఉంటుంది. గ్వాన్ రాజధాని నుంచి వచ్చేవాడు, మింగ్, చింగ్ కాలాల్లో సొంత రాష్ట్రంలో పోస్టింగ్ ఇచ్చేవారు కాదు. లి ఆ ఊళ్ళోనే ఉండి కాగితాలు చూసుకునేవాడు. కలెక్టరు, కరణం అనుకోండి.

ప్రజలకి మిన్. రాజున్నప్పుడు వాళ్ళు ఛెన్‌మిన్, ఇప్పుడు గుంగ్‌మిన్, అంటే పౌరులు. చైనా డబ్బు రెన్‌మిన్‌బీ నోటు మీద ఉన్నదీ ఈ మిన్నే.

చదవడం ప్రాక్టీసుకి వార్తల హెడ్డింగులు మంచివి. మన ప్రధాని జొంగ్‌లీ, బ్రిటన్ ప్రధాని షోవ్‌షియాంగ్. మన విదేశాంగ మంత్రి వైజియావ్ బూజాంగ్, బ్రిటన్ మంత్రి వైజియావ్ దాఛెన్. రాజు ఉన్న దేశం కాబట్టి అక్కడ ఛెన్ ఇంకా ఉంది. థాయ్‌లాండ్‌లో రాజున్నా జొంగ్‌లీ అనే రాస్తారు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

మూడో మనిషి నోట వచ్చే మాటల్లో నమ్మకస్థుడు జుంగ్‌ఛెన్, ద్రోహి జియాన్‌ఛెన్. వీటిని నేను పుస్తకంలో చూసి నేర్చుకోలేదు. హాంగ్‌జౌలో పశ్చిమ సరస్సు పక్కన, 1142లో అన్యాయంగా చంపబడ్డ సేనాని యువే ఫెయ్ సమాధి ఉంది. దాని ముందు, ఆ పాపం మోస్తున్న మంత్రి చిన్ హువేయ్, అతని భార్య, మరో ఇద్దరు ఇనుప విగ్రహాలై, చేతులు వెనక్కి కట్టించుకుని మోకాళ్ళ మీద ఉంటారు. నేను వెళ్ళిన రోజు ఒక నాయనమ్మ మనవణ్ణి కటకటాల దగ్గరికి తీసుకొచ్చి, వేలు చూపించి, “జియాన్‌ఛెన్” అంది. జియాన్ దగ్గర స్వరం సమంగా సాగింది, ఛెన్ దగ్గర పైకి లేచింది. పిల్లాడు రెండుసార్లు అన్నాడు. వాడి వెనకాల నిలబడి నేనూ అన్నాను.