ప్లనేరియాలో జీన్ నోరు మూయించాలంటే

ప్లనేరియాలో (కోసినా మళ్లీ పెరిగే చప్పటి నీటిపురుగు) ఒక జీన్ నోరు మూయించడానికి, అంటే దాని పని ఆపడానికి, సూదులతో కుస్తీ పట్టక్కర్లేదు, ఆ జీన్‌కి సరిపోయే డబుల్ స్ట్రాండెడ్ (రెండు పోగుల) ఆర్ఎన్ఏని తిండిలో కలిపి పెడితే చాలు. బెంగళూరు ల్యాబుల్లో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు క్లోనింగ్ (జీన్ ముక్కని బ్యాక్టీరియాలోకి ఎక్కించడం) గురించి తెగ టెన్షన్ పడతారు గానీ, నన్నడిగితే పని చెడేది ఎక్కువగా తిండి దగ్గరే.

ముందు మీ జీన్‌లోంచి సుమారు 500 బేస్‌ల ముక్క తీసి, రెండు పక్కలా టీ7 ప్రమోటర్ (ఆర్ఎన్ఏ తయారీ మొదలయ్యే చోటు) ఉన్న ఎల్4440 ప్లాస్మిడ్‌లో (గుండ్రటి చిన్న డీఎన్ఏ) పెట్టి, హెచ్‌టీ115 అనే ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించండి. మామూలు ఈ.కోలై వద్దు. డబుల్ స్ట్రాండెడ్ ఆర్ఎన్ఏని నరికేసే ఎంజైమ్ హెచ్‌టీ115లో పనిచేయదు, అందుకే ఇది. ఆర్ఎన్ఏ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం వేసి రెండు మూడు గంటలు పెంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన బ్యాక్టీరియా తీసుకోండి.

ఇక పురుగులకి పెట్టే తిండి, అంటే కార్జం (లివర్). రసెల్ మార్కెట్లోనో మీ వీధి చివరి కొట్లోనో తాజాది కొనండి, కొట్టతను పసుపు రాసి ఇస్తానంటే మాత్రం వద్దనండి. పొర, నరాలు తీసేసి మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టి, చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టుకోండి. వాడే రోజు ఇందులో బ్యాక్టీరియాతో పాటు కాస్త ఎర్ర ఫుడ్ కలర్ కలపాలి. వారం పస్తున్న పురుగులకి మసక వెలుతురులో పెడితే, తిన్నదాని ఒంట్లో ముందుకి ఒకటి, వెనక్కి రెండు పేగు కొమ్మలు ఎర్రగా కనిపిస్తాయి. కనిపించనిదాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి. గంటా రెండు గంటల్లో మిగిలింది తీసి నీళ్లు మార్చకపోతే మర్నాటికి డబ్బా కంపు కొడుతుంది, పురుగులు చస్తాయి. కావేరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, శుద్ధమైన నీళ్లలో లవణాలు కలిపి వాడండి. 20 డిగ్రీలు దాటనివ్వద్దు, ఏప్రిల్లో ఇంక్యుబేటర్ కావాల్సిందే.

మూడ్రోజులకోసారి చొప్పున మూడు నాలుగుసార్లు పెట్టాలి, ఎందుకంటే ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జీన్ పంపే సందేశం) పోయినా అప్పటికే తయారైన ప్రొటీన్ కొన్నాళ్లు ఉంటుంది. ఆ తర్వాత తలా తోకా కోసి వారం, పది రోజులు చూడండి. పోలిక కోసం ఒక గుంపుకి పురుగులో లేని జీఎఫ్‌పీ అనే జీన్ ఆర్ఎన్ఏ, ఇంకో గుంపుకి తోకని తోకగా ఉంచే బీటా-కాటెనిన్ జీన్‌ది పెట్టండి. రెండో గుంపులో తోక ఉండాల్సిన చోట తల మొలిస్తే మీ తిండి పనిచేసినట్టే. మొలవలేదా, మీ జీన్ గురించి అప్పుడే ఏమీ రాయకండి.

జీన్ ఆర్ఎన్ఏ ఎంత మిగిలిందో కొలిచే క్యూపీసీఆర్ పరీక్షలో ప్రైమర్లు (కొలవాల్సిన చోటుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) మాత్రం మీరు తినిపించిన ముక్కకి బయట ఉండాలి, లేకపోతే పేగులో మిగిలిన ఆర్ఎన్ఏనే లెక్కపెట్టి జీన్ ఇంకా మాట్లాడుతోందని అనుకుంటారు.