కౌన్సిల్ పాఠాలు – 3: అజెండాలో వాక్యం చివర చూడండి

పోయిన పాఠంలో తీర్మానం వేరు, ఉపవిధి వేరు అని చూశాం. తీర్మానం అంటే మున్సిపల్ కౌన్సిల్ తన ఆఫీసుకు చెప్పే మాట: ఈ కాలువ కట్టండి, ఈ వేలం పాట ఖరారు చేయండి అని. ఉపవిధి (ఆఫీసులో బైలా అంటారు) ఊరి జనం మీద అమలయ్యే నియమం. దాన్ని మీరితే జరిమానా పడొచ్చు. అందుకే ముసాయిదా ప్రకటించాలి, జనం అభ్యంతరాలు వినాలి, ప్రభుత్వ ఆమోదం రావాలి. ఆర్డినెన్స్ అనే మాట ఇక్కడ వాడకండి. మన రాష్ట్రంలో అది గవర్నర్ జారీ చేసేది.

ఈ రోజు నేర్చుకునేది ఒక్కటే పని, అజెండా (సమావేశంలో చర్చకు వచ్చే అంశాల జాబితా) చదవడం. విజయనగరం కార్పొరేషన్‌లో మేయర్, కార్పొరేటర్లు ఉంటారు. బొబ్బిలిలో చైర్‌పర్సన్, కౌన్సిలర్లు. పేర్లు మారినా కాగితం తీరు దాదాపు ఒకటే.

నేను మొదటిసారి ఒక పురపాలక సంఘం సమావేశానికి వెళ్లినప్పుడు చేతిలో అజెండా లేదు. గుమస్తా అంశం చదవడం, సభ్యులు "ఆమోదం, ఆమోదం" అనడం, అంతే. ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బయటికొస్తే సంతలో వంకాయలమ్మే ఒకావిడ అడిగింది: "ఆశీలు ఎవులు పెంచినారు బాబూ?" ఆశీలు అంటే సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము. అరగంట ముందు ఆ గదిలోనే కూర్చున్నాను, అయినా జవాబు చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ పాఠాలు రాయడానికి కారణం కూడా అదే.

సరే, ఒక మాదిరి అంశం చూద్దాం. నేను రాసిందే, కానీ ఆఫీసు భాష ఇలాగే ఉంటుంది:

"అంశం 14: దినసరి మార్కెట్ ఆశీలు వసూలు హక్కుకై నిర్వహించిన బహిరంగ వేలంలో వచ్చిన హెచ్చు పాటను ఖరారు చేయు విషయమై, కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం."

మొదటి సగం చదివి అలసిపోకండి. ముందు చివరి రెండు మాటలు చూడండి. "ఆమోదం నిమిత్తం" అంటే నిర్ణయం ఇంకా కాలేదు, ఆ రోజే జరగాలి. మీ వార్డు సభ్యురాలు లేచి అడిగితే వాయిదా పడొచ్చు, సవరణ రావొచ్చు. "సమాచారం నిమిత్తం" అంటే ఊరికే తెలియజేస్తున్నారు. ఇక "ముందస్తు ఆమోదంతో చేపట్టిన పనికి కౌన్సిల్ వారి ధ్రువీకరణ నిమిత్తం" అని ఉంటే అక్కడ ఆగండి. కౌన్సిల్ ముందుకు రాకముందే పని మొదలైపోయింది, బహుశా పూర్తి కూడా అయి ఉంటుంది. పైపు పగిలినప్పుడు, తుపాను వచ్చినప్పుడు ఇది న్యాయమే. ఏ తొందరా లేని పనికి ఈ తోక కనబడితే మాత్రం "అప్పుడు అంత అవసరం ఏమొచ్చింది?" అని అడగాల్సిందే.

ఆ తర్వాత వాక్యం మధ్యలో ఏది లేదో వెతకండి. మన అంశం 14లో పాట ఖరారు ఉంది, కానీ బుట్టకెంత, తోపుడు బండికెంత అనే రేటు లేదు. ఆ ఆవిడకు కావలసింది ఆ రేటే. అది జతపరిచిన నోట్‌లో ఉండొచ్చు, పాత తీర్మానంలో ఉండొచ్చు. నోట్ అడగండి. వీధి వ్యాపారుల సంగతైతే 2014 నాటి కేంద్ర చట్టం కింద పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీ మాట విన్నారా అన్నది మీ సభ్యురాలు సభలో వేయదగ్గ ప్రశ్న.

సమావేశం రోజున బల్ల మీద కొత్తగా పెట్టే అంశాలను టేబుల్ అజెండా అంటారు. అవి ముందు మన చేతికి రావు కాబట్టి వాటిని చెవులతోనే పట్టుకోవాలి. నోట్‌బుక్ తీసుకెళ్లండి.

ఆమోదమైనంత మాత్రాన కథ అయిపోదు. 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం కౌన్సిల్ తీర్మానాన్ని ప్రభుత్వం నిలుపుదల చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. అది ఐదో పాఠంలో.

ఈ వారం పని: మీ ఊరి పాత అజెండా ఒకటి సంపాదించండి. ముందు వార్డు సభ్యుల్ని అడగండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితం చేతికొచ్చాక ప్రతి అంశం చివరి మాటల కింద గీత గీయండి. ఆమోదానికి ఎన్ని, సమాచారానికి ఎన్ని, ధ్రువీకరణకు ఎన్ని అని లెక్కపెట్టి దగ్గర ఉంచుకోండి. నాలుగో పాఠంలో అదే సమావేశం మినిట్స్ పుస్తకాన్ని (సభలో ఏం జరిగిందో రాసేది) దాని పక్కన పెట్టి చదువుదాం.