ఆదివాసుల భూమి పోరాటానికి క్రైస్తవ సంఘం తోడు నిలవడం ఎలా?

ఆదివాసుల కొండ మీదికో అడవి మీదికో గనో, ఆనకట్టో, పైపులైనో వస్తోందని తెలిస్తే చాలా సంఘాలు ముందుగా ఒక తీర్మానం చేస్తాయి, ఆ తర్వాత దాన్ని పత్రికలకు పంపుతాయి. తీర్మానం తప్పేమీ కాదు. కానీ భూమి పోగొట్టుకుంటున్నవాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ. పని మొదలుపెట్టాల్సింది మన బీరువాలోని దస్తావేజుల నుంచి. ఆ తర్వాత వాళ్ల మాట వినాలి. ప్రకటన సంగతి చివర్లో చూసుకోవచ్చు.

1. ముందు మన చరిత్ర చదవండి

ఆదివాసుల భూమిని ఆక్రమించడానికి అనుమతులు రాసిచ్చినవాళ్లలో చర్చి పెద్దలూ ఉన్నారు. 1452లో, 1455లో ఐదో నికొలాస్ పోపు పోర్చుగల్ రాజుకు, 1493లో ఆరో అలెగ్జాండర్ పోపు స్పెయిన్ రాజదంపతులకు ఇచ్చిన శాసనాలు క్రైస్తవేతరుల నేలపై అధికారం కట్టబెట్టాయి. వాటి ఆధారంగా పెరిగిందే ‘ఆవిష్కరణ సిద్ధాంతం’. దాని ప్రకారం ఒక నేలను ‘కనుగొన్న’ యూరప్ రాజ్యానిదే యాజమాన్యం. తరతరాలుగా అక్కడ ఉన్నవాళ్లకు మిగిలేది నివాస హక్కు మాత్రమే. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్ వర్సెస్ మెకింతోష్ కేసులో దీన్నే ఖాయం చేసింది. 2005లో కూడా అదే కోర్టు ఒక తీర్పులో ఈ సిద్ధాంతాన్ని ప్రస్తావించింది. ప్రపంచ చర్చిల మండలి 2012లో, వాటికన్ 2023 మార్చి 30న దీన్ని తిరస్కరించాయి.

సంఘంలో ఒక సాయంత్రం కూర్చుని ఇదంతా చదవండి. ‘అది కాథలిక్కుల సంగతి, మనకేం సంబంధం?’ అనే గొంతు తప్పకుండా లేస్తుంది. కెనడాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన వసతి పాఠశాలలను నడిపినవాళ్లలో ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు కూడా ఉన్నారని అప్పుడు చెప్పండి.

2. మన ఆస్తుల చిట్టా తెరవండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇది. అందుకే అందరూ దాటేసి ముందుకు పోతారు. చర్చి స్థలం, బడి, ఆసుపత్రి, సమాధుల తోట, ఇలా ఒక్కో దస్తావేజూ తీసి అడగండి: ఇది ఎవరి నుంచి వచ్చింది? ఇచ్చినవాళ్లకు ఇచ్చే హక్కు ఎక్కడిది? అంతకుముందు ఇక్కడ ఎవరుండేవారు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? సంఘం పొదుపు, కాపరుల పింఛను నిధి ఏ కంపెనీల వాటాల్లో ఉన్నాయో కోశాధికారిని అడిగి రాయించండి. కొండ కోసం ఉపవాస ప్రార్థన చేస్తూ, ఆ కొండను తవ్వే కంపెనీ లాభంలో వాటా అందుకుంటున్న సంఘాన్ని ఆదివాసులు నమ్మనక్కర్లేదు.

స్పెయిన్ నుంచి అమెరికా ఖండానికి వలస వెళ్లిన బార్తొలోమె దె లాస్ కాసాస్‌ను ఆదివాసుల పక్షాన నిలిచిన క్రైస్తవ గురువుగా గుర్తుచేసుకుంటాం. ఆయన కూడా మొదట్లో వాళ్ల వెట్టిచాకిరీ మీద బతికినవాడే. 1514లో తన కింద ఉన్నవాళ్లను వదులుకున్నాకే మిగతా వలసదారులను నిలదీశాడు. వరుస అంటే అదీ.

తిరిగి ఇవ్వడం సాధ్యమే. అమెరికాలో వయాండాట్ ప్రజలను 1843లో ఒహాయో నుంచి పశ్చిమానికి తరలించారు. వెళ్తూ వెళ్తూ తమ చర్చి, తమవాళ్ల సమాధులు ఉన్న స్థలాన్ని కాపాడమని మెథడిస్టులకు రాసిచ్చారు. 2019 సెప్టెంబరులో యునైటెడ్ మెథడిస్ట్ చర్చి ఆ స్థలాన్ని వయాండాట్ జాతి పేరిట తిరిగి రాసిచ్చింది. మొత్తం సుమారు 3 ఎకరాలు. విస్తీర్ణం చిన్నదే, కానీ దస్తావేజు మారింది.

3. హక్కుల పత్రం చేతిలో పెట్టుకోండి

ఆదివాసీ ప్రజల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటన 2007 సెప్టెంబరు 13న ఆమోదం పొందింది. 144 దేశాలు ఔనన్నాయి. కాదన్న 4 దేశాలు, అంటే ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అమెరికా, తర్వాత మనసు మార్చుకున్నాయి. మొత్తం 46 అధికరణాలు. ముందుగా నాలుగు చదివితే చాలు: బలవంతంగా తరలించకూడదనే 10వది, నేలతో ఉన్న ఆధ్యాత్మిక బంధాన్ని గుర్తించే 25వది, పోయిన భూమికి పరిహారం గురించి చెప్పే 28వది, ప్రాజెక్టులకు ముందుగానే సమ్మతి కోరాలనే 32వది. ప్రకటన దానంతట అది చట్టం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో తెచ్చిన 169వ ఒడంబడిక మాత్రం దాన్ని ధ్రువీకరించిన దేశాలను కట్టడి చేస్తుంది. మీ దేశం ఆ జాబితాలో ఉందో లేదో చూడండి.

‘సమ్మతి తీసుకున్నాం’ అని కంపెనీ కాగితం చూపిస్తే అక్కడే ఆగకండి. సభ జరుగుతుందని ఎన్నాళ్ల ముందు చెప్పారు? ఏ భాషలో వివరించారు? ఆడవాళ్లు వచ్చారా? చుట్టూ పోలీసులున్నారా? వద్దంటే ప్రాజెక్టు నిజంగా ఆగేదేనా? చివరి ప్రశ్నకు ‘లేదు’ అన్నది జవాబైతే అది సమ్మతి కాదు, సంతకాల సేకరణ.

4. వాళ్ల దేవుడి దగ్గర తడబడకండి

చాలామంది విశ్వాసులు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. కొండను దైవంగా కొలిచేవాళ్ల పక్కన మనమెలా నిలబడతాం అంటారు. నియమగిరినే తీసుకోండి. ఒడిశాలో ఆ కొండ మీద నియమరాజు ఉంటాడని డోంగ్రియా కోంధుల నమ్మకం. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నప్పుడు, వాళ్ల మతపరమైన హక్కులు సహా అన్నీ గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న భారత సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. వాళ్ల హక్కును గౌరవించడానికి ఆ న్యాయమూర్తులెవరూ నియమరాజును కొలవాల్సిన అవసరం రాలేదు, మనకూ రాదు.

బైబిలు కావాలంటే రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం తెరవండి. నాబోతు ద్రాక్షతోట మీద కన్నేసిన అహాబు రాజు అతన్ని ముందు బెదిరించలేదు; ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల కట్టిస్తానన్నాడు. నాబోతు ఆ రెండూ కాదన్నాడు, అది పితరుల స్వాస్థ్యం కనుక. ఆ తర్వాత జరిగింది చూడండి: రాజముద్రతో తాకీదులు, ఉపవాస దినం చాటింపు, అబద్ధ సాక్షులు, తలూపిన ఊరి పెద్దలు. దోపిడీకి భక్తి ముసుగు ఎలా వేస్తారో ఇంతకన్నా వివరంగా చెప్పిన కథ అరుదు. ఆదివారం ఈ అధ్యాయాన్ని చదివించి, మన సంఘం అందులో ఎవరి స్థానంలో ఉందో అడగండి.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టుకోవాలి. సాయం చేసే చోట మత ప్రచారం వద్దు. కరపత్రం ఒక చేత, వకాలతు మరో చేత పట్టుకుని వెళ్తే రెండూ చెడతాయి. వాళ్ల పూజా విధానాలను తెచ్చి మన ఆరాధనకు అలంకారంగా పెట్టుకోవడమూ వద్దు.

5. పిలిస్తే వెళ్లండి, వెనక వరుసలో నిలబడండి

ఏ ఊరూ ఏకాభిప్రాయంతో ఉండదు. ఆదివాసుల్లోనే క్రైస్తవులుంటారు, పాత ఆచారం విడవనివాళ్లుంటారు, పరిహారం తీసుకుందామనేవాళ్లూ ఉంటారు. మన మతంవాళ్లని ఒక వర్గాన్నే కలిసి వస్తే చీలికను పెంచినవాళ్లమవుతాం. ఊరు తన తరఫున ఎవరు మాట్లాడాలని నిర్ణయించిందో వాళ్లనే అడగండి.

అడిగితే తెలిసేవి సాధారణంగా చిన్న పనులు: కోర్టు వాయిదాకు బండి, నగరంలో రెండు రాత్రులు ఉండడానికి గది, పాత కాగితాల నకళ్లు, దుబాసి, లాయరు ఫీజు. వేదిక మీద ప్రసంగం ఈ జాబితాలో దాదాపు ఎప్పుడూ ఉండదు. పవిత్ర స్థలాల ఫోటోలు, దారి వివరాలు అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

ప్రమాదం నిజమైనదని గుర్తుంచుకోండి. బ్రెజిల్‌లోని అనపూ దగ్గర, అడవి నేల కోసం పేద రైతుల పక్షాన నిలిచిన సిస్టర్ డొరొతీ స్టాంగ్‌ను 2005 ఫిబ్రవరి 12న కాల్చి చంపారు. బయటినుంచి వెళ్లిన మనం సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఊరి నాయకులు అక్కడే ఉంటారు. అందుకే ఎవరి పేరు బయటపెట్టాలో, ఎప్పుడు పెట్టాలో వాళ్లే తేల్చాలి.

6. ఓడిపోయాక కూడా ఉండండి

2016 నవంబరు 3న అమెరికాలో ఆదివాసుల ప్రాంతమైన స్టాండింగ్ రాక్ దగ్గర చమురు పైపులైనుకు వ్యతిరేకంగా 500 మందికి పైగా పాస్టర్లు, గురువులు చేరారు. ఆవిష్కరణ సిద్ధాంతపు ప్రతిని ఆదివాసీ పెద్దల ఎదుట కాల్చారు. 2017 జూన్‌కల్లా పైపులో చమురు పారింది. కేసులు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచాయి. సంఘం అవసరం ఎక్కువగా పడేది కెమెరాలు వెళ్లిపోయిన ఆ ఏళ్లలోనే. కాబట్టి బడ్జెట్‌లో దీనికి ఏటా ఒక పద్దు రాయండి, సంఘ కార్యదర్శి మారినా పద్దు మారకూడదు. ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఊరినే చెప్పమనండి. ఇక చాలు, మీ సాయం అక్కర్లేదని ఊరు అంటే లెక్కలు అప్పజెప్పి పక్కకు తప్పుకోండి.