ఆయిల్ ఫిల్టర్ మార్చాక డీజిల్ కారు పెట్టే ఇబ్బందులు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ఇంట్లో ఆయిల్ ఫిల్టర్ మార్చిన తర్వాత వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒక రబ్బరు రింగు దగ్గరే పుడతాయి. పాతది ఊడి రాకపోవడం, కొత్తది వేయడం మర్చిపోవడం, వేసినా పక్క గాడిలో కూర్చోవడం, ఆయిల్ రాయకుండా పొడిగా బిగించడం. అందుకే ఏ తేడా కనిపించినా ముందు రింగు సంగతి తేల్చుకుని, ఆ తర్వాత మిగతావి చూడండి.

ఫిల్టర్లు రెండు రకాలని గుర్తుంచుకుంటే కింద చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి ఇనుప డబ్బాలా ఉండి, మొత్తంగా తిప్పి తీసి పారేసేది. రెండోది ప్లాస్టిక్ మూత కింద కాగితం మడతలతో ఉండేది. రెండో రకంలో కాగితం ఫిల్టర్‌నూ రింగునూ మార్చి, అదే మూత మళ్లీ బిగిస్తాం.

ఇంకొక్క మాట. జాకీ ఒక్కదాని మీద ఆగి ఉన్న కారు కిందికి ఎవరూ దూరవద్దు. చదునైన నేల, చక్రాలకు అడ్డు, గట్టి స్టాండ్లు ఉంటేనే పని మొదలుపెట్టండి.

పాత ఫిల్టర్ ఊడి రావడం లేదు

పోయినసారి బిగించినవాళ్లు రెంచితో బలం కొద్దీ బిగించి ఉంటారు, లేదా రింగుకు ఆయిల్ రాయకపోవడంతో రబ్బరు ఇనుముకు పట్టేసి ఉంటుంది. ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ చెయ్యి కాలేంత వేడిగా ఉండకూడదు, గోరువెచ్చగా ఉంటే చాలు. డబ్బా చుట్టూ ఎమెరీ పేపర్ చుట్టి పట్టుకుంటే చెయ్యి జారదు. అప్పటికీ రాకపోతే బెల్టు రెంచిగానీ, డబ్బా కొసకు సరిపోయే కప్పు రెంచిగానీ వాడండి. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పే పద్ధతి నాకు నచ్చదు. పల్చటి రేకు చీలిపోయి, అడుగు పళ్లెం మాత్రం ఇంజన్‌కు మిగిలిపోతే పని రెండింతలవుతుంది. తిప్పే వైపు కూడా ఒకసారి సరిచూసుకోండి. డబ్బా కిందికి వేలాడుతుంటే, కింది నుంచి పైకి చూస్తూ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పాలి. కంగారులో చాలామంది ఇక్కడే ఇంకాస్త బిగించేస్తారు.

స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లకే ఆయిల్ చిమ్మింది

ఇది నాకే జరిగింది. కొత్త ఫిల్టర్ బిగించి స్టార్ట్ చేశాను. మూడు నాలుగు సెకన్లు అంతా బాగానే ఉంది. తర్వాత కింద పరిచిన అట్ట మీద టపటపమని చప్పుడు. ఆపేలోపే నేల మీద మడుగు కట్టింది. ఫిల్టర్ విప్పి చూస్తే దాని రింగు దాని మీదే చక్కగా ఉంది. ఇంజన్ వైపు టార్చి వేస్తే అక్కడ నల్లటి ఇనుము తప్ప ఏమీ కనిపించలేదు. గోటితో అంచు గీరినప్పుడు తెలిసింది, అది ఇనుము కాదు, రబ్బరని. పాత ఫిల్టర్ రింగు అక్కడే అతుక్కుని ఉండిపోయింది. నలుపు మీద నలుపు కావడంతో కంటికి ఆనలేదు. గోరు దూర్చి లాగితే ఇట్టే ఊడి వచ్చింది.

ఒక రింగు మీద ఇంకో రింగు పడితే చేతికి బిగువుగానే అనిపిస్తుంది. ఆయిల్ పంపు ఒత్తిడి పెరిగాక మాత్రం ఒకటి పక్కకు జారిపోతుంది, ఆయిలంతా ఆ సందులోంచి బయటికొస్తుంది.

వెంటనే ఇంజన్ ఆపండి. ఫిల్టర్ విప్పి పాత రింగు తీసేయండి. ఇంజన్ వైపు ముఖాన్ని నూగు రాలని గుడ్డతో తుడవండి. కొత్త రింగు నలిగినా మెలికపడినా దాన్ని మళ్లీ వాడొద్దు. సరైన రింగుకు కొత్త ఆయిల్ వేలితో పూసి, చేత్తోనే తిప్పండి. రింగు ఇంజన్‌కు తగిలినట్టు తెలిశాక ఇంకో ముప్పావు చుట్టు చాలా ఫిల్టర్లకు సరిపోతుంది. మీ ఫిల్టర్ డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. కారిన ఆయిల్ ఎంతో అంత పోసి, డిప్‌స్టిక్ (ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) చూశాకే మళ్లీ స్టార్ట్ చేయాలి.

ఇప్పుడు ఫిల్టర్ తీసిన ప్రతిసారీ పాత డబ్బాను తిరగేసి దాని రింగు దానికే ఉందా లేదా చూస్తాను. ఆ తర్వాతే కొత్తది చేతిలోకి తీసుకుంటాను.

చుక్కలు చుక్కలుగా కారుతోంది

ముందు ఎక్కడి నుంచో తేల్చండి. అంతా శుభ్రంగా తుడిచి, ఇంజన్ పది నిమిషాలు నడిపి, తెల్ల కాగితం అద్ది చూడండి. తడి ఫిల్టర్ పైభాగంలో మొదలైందా, ఆయిల్ ఛాంబర్ కింది డ్రైన్ బోల్టు దగ్గరా అన్నది కాగితమే చూపిస్తుంది.

బోల్టు దగ్గరైతే వాషర్ చూడండి. రాగిదో అల్యూమినియందో అయిన ఆ వాషర్ ఒకసారి నలిగాక మళ్లీ సరిగా కూర్చోదు. కొత్తది వేయాలి. కారుతోందని బోల్టును మరింత బిగించడం మాత్రం వద్దు. చాలా కార్లకు ఛాంబర్ అల్యూమినియంతో చేసి ఉంటుంది. మర పోయిందంటే కొత్త మర కట్టించాల్సిందే. మర చుట్టూ టేపు చుట్టే అలవాటు కూడా మానుకోవాలి. తెగిన ముక్కలు లోపలికి పోతే ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి.

ప్లాస్టిక్ మూత దగ్గర కారితే, రింగు తన గాడిలోనే ఉందో, మర మీద కూర్చుందో చూడండి. చాలా మూతల మీద ఎంత బలంతో తిప్పి బిగించాలో (టార్క్) అచ్చుపోసి ఉంటుంది, ఎక్కువగా 25 న్యూటన్ మీటర్లు. అంతకు మించి బిగిస్తే మూత పగులుతుంది. సన్నటి పగులు చల్లగా ఉన్నప్పుడు కనిపించదు, వేడెక్కాక ఆయిల్ చెమర్చుతుంది.

ఎర్రటి ఆయిల్ లైటు ఆరడం లేదు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. ఖాళీ ఫిల్టర్ నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కాసేపు లైటు వెలగడం మామూలే. పది సెకన్లు దాటినా వెలుగుతూనే ఉంటే ఇంజన్ ఆపేయండి. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోలోని ఇరుసు నడకలో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీదే ఆధారపడి. ఆ పొర లేకుండా ఆక్సిలరేటర్ తొక్కితే ముందు పోయేది అదే.

మొదట డిప్‌స్టిక్ చూడండి. పాత ఆయిల్ దించి, ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోయకుండానే తాళం తిప్పినవాళ్లున్నారు. లెవెల్ బాగుంటే ఫిల్టర్ విప్పండి. కాగితం రకం కొన్నింటికి అడుగున చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉంటుంది. ఫిల్టర్ పైకి లాగినప్పుడు ఆయిల్ కిందికి దిగడానికి ఉన్న రంధ్రాన్ని మామూలప్పుడు అదే మూస్తుంది. పిన్ను రంధ్రంలో పడకపోయినా, పిన్ను లేని వేరే ఫిల్టర్ వేసినా ఒత్తిడి మొత్తం ఆ రంధ్రంలోంచి పోతుంది. మూత మధ్య కాడకు ఉండే చిన్న రింగులను కూడా మర్చిపోవద్దు. ఫిల్టర్ పెట్టెలో రెండు మూడు రింగులు వచ్చాయంటే, అవెక్కడివో తెలుసుకోకుండా పక్కన పెట్టొద్దు.

మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించే డబ్బా ఫిల్టరైతే, ముందే సగానికి పైగా కొత్త ఆయిల్ పోసి బిగిస్తే లైటు త్వరగా ఆరుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే, ఫిల్టర్ పక్కన, ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ వైరు మోచెయ్యి తగిలి నలిగి ఇంజన్ ఇనుముకు తగులుతోందేమో చూడండి. అదీ బాగుంటే ఇక స్టార్ట్ చేయకుండా ప్రెషర్ గేజ్ ఉన్న మెకానిక్‌ను పిలిపించాలి.

రోజూ ఉదయం స్టార్ట్ చేయగానే టకటక చప్పుడు

మార్చిన రోజు ఒక్కసారి వినిపిస్తే పర్వాలేదు. రోజూ వస్తుంటే ఫిల్టర్ లోపలి రబ్బరు వాల్వు ఆయిల్‌ను నిలపడం లేదన్నమాట. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది, పొద్దున్నే పైభాగాలు కాసేపు ఎండుగా తిరుగుతాయి. మంచి ఫిల్టర్, మీ ఇంజన్‌కు చెప్పిన నంబరుదే వేయండి.

డిప్‌స్టిక్ పై గీత దాటింది

మీరే ఎక్కువ పోసి ఉంటే స్టార్ట్ చేయొద్దు. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు 1 లీటరు పడుతుంది, దాన్ని బట్టి అదనం ఎంతో లెక్కకొస్తుంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి ట్యూబుతో లాగేయొచ్చు. డీజిల్ ఇంజన్ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మితిమీరిన ఆయిల్ గాలి గొట్టంలోకి చేరితే ఇంజన్ దాన్నే ఇంధనంగా మండించుకుంటుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు.

పోసినప్పుడు సరిగ్గా ఉండి, కొన్ని వారాల్లో తనంతట పెరిగిందా? డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్) ఉన్న కార్లలో, లోపల చేరిన మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఎప్పుడూ చిన్న చిన్న దూరాలే తిరిగితే ఆ పని మధ్యలో ఆగిపోయి, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే ఆయిల్ మార్చండి, అప్పుడప్పుడూ పెద్ద రోడ్డు మీద ఆగకుండా అరగంటైనా నడపండి. ఇలాంటి కార్లకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే వాడాలి. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే పేరుకుంటుంది.

కొత్త ఆయిల్ అప్పుడే నల్లబడింది

డీజిల్‌కు అది సహజం. పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది, పైగా మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనే. పాలు కలిపిన టీ రంగులోకి మారితే మాత్రం నీళ్లు కలిశాయన్నట్టు, బండి కదిలించొద్దు.

కాలిన వాసన

మార్చేటప్పుడు సైలెన్సర్ గొట్టం మీద ఒలికిన ఆయిల్ కావచ్చు. చల్లారాక తుడవండి. ఒకటి రెండు ప్రయాణాల తర్వాత కూడా పొగ కనిపిస్తే ఎక్కడో కారుతున్నట్టే, పైన చెప్పిన కాగితం పరీక్ష చేయండి.

అసలు స్టార్టే కావడం లేదు

ఆయిల్ ఫిల్టర్ అనుకుని డీజిల్ ఫిల్టర్‌ను కదిపారేమో చూడండి. రెండూ డబ్బాలే. డీజిల్ ఫిల్టర్‌కు సన్నటి పైపులు వచ్చి కలుస్తాయి, వాసనే చెబుతుంది. దాన్ని విప్పితే లైనులోకి గాలి చేరుతుంది. చేతిపంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కి గాలి తీయండి. లేకపోతే తాళాన్ని ఆన్ దాకానే తిప్పి కొన్ని సెకన్లు ఆగి, ఆపి, మళ్లీ తిప్పండి. ట్యాంకులో కరెంటు పంపు ఉన్న కార్లలో ఇలా కొన్నిసార్లు చేస్తే డీజిల్ ముందుకొస్తుంది.

పాత ఫిల్టర్ మడతల్లో మెరుపు

పాత ఫిల్టర్‌ను పారేసేముందు కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. నల్లటి మసి ఉంటే చింత లేదు. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే బేరింగుల పైపూత కావచ్చు. వేళ్ల మధ్య గరుగ్గా తగిలేంత ఉంటే బండి నడపడం ఆపి, ఆ కాగితాన్నే ఒక కవర్లో పెట్టి మెకానిక్‌కు చూపించండి. దించిన ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకే ఇవ్వండి, కాలువలో పోయొద్దు.